నాలుగవ పాదము

చరకసంహిత సూత్రస్థానమున, తొమ్మిదవ అధ్యాయమందు, చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. నాలుగవ పాదమైన రోగికిని నాలుగు గుణములు విధింపబడినవి: జ్ఞాపకశక్తి, వైద్యుని మాట పాటించుట, నిర్భయత్వము, తన బాధను దాపక తెలుపగలుగుట. రోగిని కేవలము చికిత్స పొందు శరీరముగా నెంచక, చికిత్స యందు కర్తగా నిలిపిన యీ దర్శనము హెచ్.ఐ.వి. విషయమున మిక్కిలి విచారణీయము.

1986లో మద్రాసున డాక్టరు సునీతి సోలమన్ బృందము ఈ వ్యాధిని మన దేశమున తొలిసారి గుర్తించిననాడు దీనికి తగిన మందు లేదు, నేడు కలదు. 2004 ఏప్రిల్ 1 నుండి, వ్యాధి అధికముగా నున్న రాష్ట్రములలో తొలుదొలుత, మన ఆంధ్రప్రదేశమున సహితము, ప్రభుత్వాసుపత్రులు ఈ వైరస్ నణచు ఏ.ఆర్.టి. మందుల నుచితముగా నిచ్చుచున్నవి. 2017 నుండి రక్తమునందలి రోగనిరోధక సి.డి.4 కణముల సంఖ్యతో నిమిత్తము లేక సోకినవారందరికిని ఇచ్చుచున్నవి. మందు క్రమము తప్పక వాడి, రక్తమునందలి వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి నిలిచినవారి నుండి లైంగికసంపర్కముచే అది యితరులకు సోకదు. కాని మానిరా, వైరస్ మరల విజృంభించును. మందునే ఎదిరించు శక్తిని సంపాదించుకొనును. ఇది యావజ్జీవ వ్రతము.

ఈ వ్రతమునకు భంగమెందువలన కలుగుచున్నది? ఒకనాటి కూలి పోగొట్టుకొని, బస్సెక్కి పట్టణమునకు పోయి, ఆసుపత్రి వరుసలో నిలువవలసిన పేదరికమొక కారణము. అంతకంటె బలీయమైనది, ఊరివారెవరైన చూతురేమో, ఇంటిలో మందుసీసా బయటపడునేమో యను భయము. ఔషధము రోగముపై పనిచేయును గాని భయముపై పనిచేయజాలదు.

ఈ భయమునకు మూలము మన నోటనున్న తీర్పు. "చేసుకున్నవారికి చేసుకున్నంత" అని కర్మసిద్ధాంతమును రోగిపై ప్రయోగించువారు, అది ఎవరిని వారు శోధించుకొనుటకే గాని పరులను తూచుటకు కాదని మరచుచున్నారు. భర్త వలన సోకిన యిల్లాలిని, తల్లి నుండి సోకిన శిశువును నిర్దోషులని వేరుచేసి, తక్కినవారిని దోషులని త్రోసివేయుటయు ధర్మము గాదు. బాధకు అర్హతానర్హతలు లేవు. భగవద్గీత పదునారవ అధ్యాయమున దైవీసంపదను గణించుచు అభయమును మొట్టమొదట నిలిపినది. రోగికి విధింపబడిన నిర్భయత్వము ఒంటరిగా నలవడునది కాదు. చుట్టునున్నవారు అభయమిచ్చిననే కలుగును. చికిత్సకు ఇదియే పునాది యని నా నిశ్చయము.

పేద ఆసుపత్రికి గూడ ఇట్లు అభయమిచ్చుట అసాధ్యము కాదు. నలుగురు వినకుండ మాటాడుట, మాత్ర తప్పినవారిని గద్దింపక కారణమడుగుట, వ్యాధి అదుపులోనున్నవారికి కొన్ని నెలల మందొకసారి యిచ్చుట, దగ్గరి కేంద్రముననే అందించుట, అదే బాధ ననుభవించినవారిచే ధైర్యము చెప్పించుట: వీనికి కావలసినది ధనముకంటె మనస్సు. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము, 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనుండి, వివక్షను నిషేధించినది. అనుమతి లేక రోగి రహస్యమును వెల్లడించుటను వారించినది. అయినను చట్టము శిక్షింపగలదే గాని సాంత్వనము పలుకజాలదు. ఆ పని మనది.

కావున వైద్యులారా, నర్సులారా, బంధువులారా! మందునకై వచ్చినవారిని ఈ వ్యాధి యెట్లు వచ్చెనని నిలదీయకుడు. వారు మరల వచ్చునట్లు మాటాడుడు.