దొర్కా చేతిపనియు మన యింటి కుట్టు మిషనును

(చదువవలసిన వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 9:36-42)



యొప్పే పట్టణములో తబితా అను ఒక శిష్యురాలుండెను. ఆమెకే దొర్కా అని మరియొక పేరు. ఆమె జబ్బుచేసి మరణించినప్పుడు, అచ్చటి శిష్యులు లుద్దలోనున్న పేతురుకొరకు మనుష్యులను పంపిరి. ఆయన వచ్చి మేడగదిలోనికి వెళ్ళగా, బీద విధవరాండ్రు ఆయన చుట్టు చేరి కన్నీరు విడుచుచు, ఆమె బ్రదికియున్న దినములలో తమకు కుట్టియిచ్చిన బట్టలను చూపించిరని లూకా వ్రాసియున్నాడు.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. వారు ఆమె సూదిని పేతురునకు చూపలేదు. ఆ సూది ఎట్టిదో, దానిని ఎంత వెలపెట్టి కొన్నదో ఎవరును చెప్పలేదు. తమకు దొరికిన బట్టనే చూపించిరి. ఈ మాసము మనము ధ్యానింపవలసినది ఇదియే.

ఈ ధ్యానమునకు కారణము లేకపోలేదు. బందరులోను, గుడివాడలోను, దివిసీమలోని అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతములలోను మన సంఘ స్త్రీలనేకులు కుట్టుపని ఎరిగినవారు. ఇప్పుడు కంప్యూటరు కుట్టు మిషను అనునది వారి మధ్యకు వచ్చుచున్నది. “అయ్యగారూ, దీనిని కొనవచ్చునా?” అని సహోదరీలు అడుగుచున్నారు. అది కేవలము బజారు ప్రశ్న కాదు. ఇంటి అప్పును, స్త్రీ కష్టార్జితమును, పొరుగువాని అవసరమును దానిలో ఇమిడియున్నవి. కనుక వాక్యపు వెలుగులో దానిని చూచెదము.

మొదట, యంత్రము చెడ్డది కాదని చెప్పుచున్నాను. అమెరికా దేశస్థుడైన ఎలియాస్ హౌ అనునతడు 1846లో కుట్టు మిషనునకు పేటెంటు పొందెను. 1851లో ఐజక్ సింగరు దానిని వాడుకకు మరింత అనువుగా చేసెను. 1924లో యంత్రములనుగూర్చి ప్రశ్నింపబడినప్పుడు, వాటిని అంతగా ఇష్టపడని గాంధీగారు సహితము కుట్టు మిషనును మినహాయించిరి. తన భార్య చేతికుట్టుతో పడుచున్న శ్రమను చూచి సింగరు ప్రేమతో దానిని చేసెనని ఆయన తలంచిరి. మనుష్యుని శ్రమను తగ్గించు యంత్రము వేరు, మనుష్యుని బానిసగా చేయు యంత్రము వేరు అనునది ఆయన మాటలలోని సారము.

1930లలో కలకత్తాలో ఆరంభమైన ఉషా మిషనులు తరువాత మన పల్లెలకును వచ్చినవి. ఆ నల్లని తొక్కుడు మిషనుతో పిల్లలను చదివించిన తల్లులు మన సంఘములలో నేటికిని ఉన్నారు. 1975లో సింగరు కంపెనీవారు ఇంటివాడుకకు ఎలక్ట్రానిక్ మిషనును తెచ్చిరి. నేటి కంప్యూటరు మిషను ఆ వంశములోనిదే. దీనిలో చిన్న తెర యుండును. మీట నొక్కి అంకె ఎంచుకొనినయెడల ఆ కుట్టు పడును. సాదా కుట్టు, జిగ్‌జాగ్, కాజాలు, పూలకుట్లు అన్నియు దానిలోనే కలవు. సూది గుడ్డలో దిగియే ఆగునట్లు చేయవచ్చును గనుక మూల తిప్పుట సులభము. సూదిలో దారమెక్కించుటకు సహాయము చేయు చిన్న కొక్కెమును అనేక మిషనులకుండును. చూపు తగ్గిన తల్లికి ఇది ఎంత మేలో మీరెరుగుదురు. మోకాళ్ల నొప్పిగలవారికి తొక్కు శ్రమ లేదు.

ప్రత్యక్ష గుడారపు పనిలో బెసలేలునకును అహోలీయాబునకును బుటాపని మొదలైన పనులకు నేర్పునిచ్చినవాడు దేవుడే అని నిర్గమకాండము 35వ అధ్యాయములో చదువుచున్నాము. నేర్పు దేవుని వరమైనయెడల, ఆ నేర్పునకు తోడ్పడు పనిముట్టును మనము కృతజ్ఞతతో పుచ్చుకొనవచ్చును.

అయితే నేర్పు మిషనులో లేదు. మిషను కుట్టును గాని కొలత తీయదు. కుట్టును గాని కత్తిరింపదు. జాకెట్టు భుజము దగ్గర ఎంత వదలవలెనో, ఎదుగుచున్న పిల్ల లంగాకు ఎంత మడత పెట్టవలెనో దానికి తెలియదు. హన్నా యేటేట సమూయేలునకు చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెనని 1 సమూయేలు 2:19లో ఉన్నది. ఏడాదికి బిడ్డ ఎంత ఎదిగియుండునో కంటితో చూడకయే అంచనా వేసినది తల్లి హృదయము. కాబట్టి పడుచు సహోదరీలారా, వంద కుట్లుగల మిషను వచ్చినదని, పాత మిషనుమీద కూర్చుండు పెద్దమ్మను చిన్నచూపు చూడకుడి. ఆమెయొద్ద కత్తిరింపు నేర్చుకొనుడి. మీకు తెర చూచి మీట నొక్కుట తెలిసినయెడల ఆమెకు నేర్పుడి.

ఇప్పుడు కొనువారు తమ్మును తాము అడుగుకొనవలసిన మూడు ప్రశ్నలు చెప్పెదను.

మొదటి ప్రశ్న: ఏ డబ్బుతో కొనుచున్నాము?

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కచూచుకొనవలెనని ప్రభువు లూకా 14:28లో బోధించెను. మధ్యరకపు కంప్యూటరు మిషను వెల సుమారు 25,000 రూపాయలు మొదలు 50,000 వరకు ఉండును. దీనిని అనేకులు వాయిదాలమీద కొనుచున్నారు. ఈ వాయిదాల పద్ధతికిని కుట్టు మిషనునకును పాత చుట్టరికము కలదు. 1856లోనే సింగరు కంపెనీవారు కొద్ది సొమ్ము ముందు పుచ్చుకొని, మిగిలినది నెలనెల కట్టునట్లు మిషనులను ఇండ్లకు పంపిరి. బీదలకు అది వాకిలి తెరచినది. వాకిలి తెరచిన చోట ఉచ్చును ఉండవచ్చును.

ఒక లెక్క వేసిచూడుడి. ఒక సహోదరి 30,000 రూపాయల మిషనునకు అప్పుచేసి, ఒక సంవత్సరము వారమునకు 700 చొప్పున కట్టవలెననుకొనుడి. మొత్తము 36,400 అగును. దారము, లైనింగు, హుక్కులు, కరెంటు ఖర్చు పోగా ఒక్కొక్క జాకెట్టునకు 100 మిగులుననుకొన్నను, ప్రతివారము ఏడు జాకెట్లు వాయిదాకే పోవును. ఎనిమిదవది మొదలుకొనియే ఇంటికి. క్రిస్మసుకును సంక్రాంతికిని పెండ్లిండ్ల కాలములోను పని కుప్పలుగా వచ్చును. మూఢములోను ముసురు పట్టినప్పుడును గుడ్డ తెచ్చువారుండరు. వాయిదాకు మూఢము లేదు, ముసురు లేదు.

ఈ జిల్లావారమైన మనము దీనిని మరువకూడదు. 2006 మార్చిలో మన కృష్ణా జిల్లాలో ప్రజల మొర విని అధికారులు సూక్ష్మ ఋణ సంస్థల శాఖలు దాదాపు 50 మూయించిరి. 2010 అక్టోబరులో అట్టి సంస్థలను అదుపుచేయుటకు రాష్ట్ర ప్రభుత్వమే ఆర్డినెన్సు తేవలసివచ్చెను. ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పుచేసిన స్త్రీల దుఃఖము దాని వెనుక ఉన్నది. అప్పుచేసినవాడు అప్పిచ్చినవానికి దాసుడగునన్న భావము సామెతలు 22:7లో ఉన్నది. కనుక చేతిలో పని ముందు, మిషను తరువాత. తొక్కుడు మిషనుమీద వచ్చు పని తీర్చలేకపోవుచున్నప్పుడు పెద్దది కొనుడి. పొరుగింటిలో ఉన్నదని కొనకుడి. పొదుపు సంఘములో నిలువచేసి కొనుట మేలు. 2023 సెప్టెంబరు 17న కేంద్ర ప్రభుత్వమువారు ఆరంభించిన విశ్వకర్మ పథకములోని 18 వృత్తులలో దర్జీపని ఒకటి. తర్ఫీదును, పనిముట్లకు 15,000 వరకు సహాయమును, తాకట్టు లేకుండ 5 శాతము వడ్డీకి మొదట 1,00,000 వరకు ఋణమును దానిలో చెప్పబడినవి. అప్పులవానియొద్దకు పోకముందు గ్రామ సచివాలయములో విచారింపుడి.

రెండవ ప్రశ్న: దీనిని వాడుదుమా, దాచుదుమా?

తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని కథ మత్తయి 25లో ఉన్నది. కొన్న దినమున చుట్టాలకు చూపి, తరువాత ముసుగువేసి మూలనుంచిన మిషను పాతిపెట్టిన తలాంతే. వంద కుట్లున్న మిషనులో సామాన్యముగా మన యింటికి పనికివచ్చునవి ఐదారు మాత్రమే. వాడని కుట్లకొరకు అధికవెల ఇయ్యకుడి. బొమ్మను తనంతట తానే కుట్టు ఎంబ్రాయిడరీ మిషను వేరు, ఈ మిషను వేరు. రెండును ఒకటేయని తలంచి మోసపోకుడి.

వాడుటయనగా కాపాడుటయును. మనది ఉప్పుగాలి తగులు సీమ. సూదికి తుప్పు పట్టును. తుప్పుసూది గుడ్డను చింపును గనుక సూదిని తరచుగా మార్చుడి. పలుచని గుడ్డకు 11, మామూలు గుడ్డకు 14, దళసరి గుడ్డకు 16 నంబరు సూది వాడుడి. బాబిను పెట్టుచోట చేరు నూగును చిన్న కుంచెతో తీయుడి. పాత మిషనుకువలె ఎక్కడబడితే అక్కడ నూనె పోయకుడి. ఆ మిషనుతోవచ్చిన పుస్తకము చెప్పినట్లు చేయుడి. ఉరుము వినబడినప్పుడు తీగను గోడనుండి ఊడదీయుడి. కరెంటు ఎగుడుదిగుడుల వలన లోపలి బోర్డు పాడైనయెడల ఖర్చు పెద్దదగును. బాగుచేయువారు గుడివాడలోనో బందరులోనో ఉన్నారా, విజయవాడకు మోసికొనిపోవలెనా అని కొనకముందే అడుగుడి. పాత తొక్కుడు మిషనును అమ్మివేయకుడి. తుపానుకు కరెంటు పోయిన దినములలో అదియే మీకు అన్నము పెట్టును.

మూడవ ప్రశ్న: దీనివలన ఎవరికి మేలు?

పురుషులారా, ఈ మాట మీకు. అప్పు ఆమె పేరున, శ్రమ ఆమె వెన్నెముకమీద, వచ్చిన డబ్బు మాత్రము మీ జేబులోనా? ఆ సొమ్ము సారా దుకాణమునకు పోయినయెడల, మీ పిల్లల పలకను, పుస్తకమును మీరు త్రాగినట్లే. ఆమె సంపాదన ఆమె చేతిలో ఉండనియ్యుడి. ఇద్దరు కలిసి ప్రార్థించి ఖర్చుపెట్టుడి.

కుట్టించుకొనువారలారా, ఈ మాట మీకు. క్రిస్మసునకు కొత్త జాకెట్టు కావలెనని తొందరపెట్టుదురు. అమ్మాయి రాత్రి పన్నెండు గంటలవరకు మేల్కొని కుట్టి ఇచ్చును. “పండుగ వెళ్ళనియ్యవమ్మా, ఇచ్చెదము” అని జాకెట్టు తీసికొనిపోదురు. ఆ కొత్త జాకెట్టుతోనే ఆరాధనలో కూర్చుండి పాటలు పాడుదురు. కూలివాని కూలి మరునాటి ఉదయమువరకు నీయొద్ద ఉండకూడదని లేవీయకాండము 19:13 ఆజ్ఞ. బిగపట్టిన కూలి మొరపెట్టునని యాకోబు 5:4లో చెప్పుచున్నాడు. ఆ మొర మన పాటలకంటె ముందుగా దేవుని చెవిని చేరునని భయపడుడి.

మిషను గలవారలారా, ఈ మాట మీకు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమమీదికి వచ్చినప్పుడు వేలాదిమంది మరణించిరి. బ్రదికినవారు కట్టుబట్టలతో మిగిలిరి. ఒంటిమీదికి ఒక పొడిబట్ట ఎంతటి దయయో ఆ రాత్రి చూచిన పెద్దలు నేటికిని చెప్పుదురు. బట్ట లేనివానికి సమాధానము కలుగుగాకని మాటచెప్పి పంపివేయుట విశ్వాసము కాదని యాకోబు 2:15-16లో బోధించెను. మీ పేటలోనే తండ్రిలేని పిల్ల జూనులో బడి తెరచునప్పుడు చినిగిన యూనిఫారముతో పోవుచున్నదా? మీ మిషనుమీద అరగంట పని. నెలకొక సాయంకాలము స్త్రీల మైత్రివారు ఒక యింట కూడి, మిషను గలవారు మిషనును, గుడ్డ గలవారు గుడ్డను, చేతులు గలవారు చేతులను తెచ్చి కుట్టినయెడల, మన సంఘములోనే ఒక యొప్పే మేడగది కనబడును.

కుట్టువారందరు ఎరిగిన ఒక సంగతి చెప్పి ముగించెదను. బాబినులో దారము అయిపోయినను మిషను ఆడుచునేయుండును. చప్పుడు వచ్చుచుండును, గుడ్డ జరుగుచుండును, పైదారము కదలుచుండును. తీసి చూచినయెడల కుట్టు నిలువదు, లాగగానే ఊడివచ్చును. క్రిందిదారము కంటికి కనబడదు గాని, అది లేక పైదారము పట్టు నిలువదు. ప్రేమ అట్టిది. అది లేనియెడల ఎంత వెలగల మిషనైనను, ఎంత అందమైన కుట్టైనను, దేవుని యెదుట నిలువదు. సహోదరీ, బాబినును తీసి చూచుకొనుము.

మన దినములు ముగిసినప్పుడు మన గుమ్మములో నిలుచువారు మన మిషను పేరు చెప్పరు. “ఈ బట్ట ఆమె కుట్టి యిచ్చినది” అని చెప్పువారు ఒక్కరైనను ఉండవలెను.

ప్రార్థన: ప్రభువా, మా చేతులకు పనియు, మా పనికి దీవెనయు దయచేయుము. అప్పుల ఉచ్చునుండి మా యిండ్లను తప్పింపుము. కుట్టు సహోదరీల కండ్లను, నడుములను కాపాడుము. కూలి బిగపట్టిన మా చేతులను విప్పుము. బట్టలేనివారిని మా కంటికి కనబరచుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.