ఉచ్చారణ దోషం: మంత్రంలో, మాటలో

ఆరు వేదాంగాల్లో ఒకటైన శిక్ష, అంటే వర్ణాలను ఏ స్థానం నుంచి ఏ స్వరంతో పలకాలో తెలిపే శాస్త్రం, ఉచ్చారణ దోషాన్ని చిన్న పొరపాటుగా చూడదు. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట చేసిన హోమంలో ‘ఇంద్రశత్రు’ శబ్దానికి స్వరం తప్పడంతో, ఇంద్రుడి చేతిలోనే చావవలసిన వృత్రుడు పుట్టాడన్న కథ ఈ పట్టింపుకు ఆధారం. అయితే పతంజలి వ్యాకరణ మహాభాష్యం తొలి ఆహ్నికంలోనే, అంటే తొలి పాఠంలోనే, లోకవ్యవహారంలో మాటలను వికృతంగా పలికి, ఆ పలుకుతోనే ‘యర్వాణస్తర్వాణులు’ అని పేరుపడిన ఋషుల ప్రస్తావన కూడా ఉంది. యజ్ఞకర్మలో మాత్రం అపశబ్దం పలకలేదు గనుక వారికి ఏ దోషమూ అంటలేదు. మంత్రానికి ఉన్న నియమాన్ని మాటకు అంటగట్టని ఈ వివేకం, పండితులను ఆదరించి ‘విద్వద్గద్వాల’ అనిపించుకున్న గద్వాల ఉన్న పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) నేల మీది బడుల్లో పిల్లల యాసకూ వర్తించాలి.

రాయచూరు సరిహద్దున ఉన్న గద్వాలలో కన్నడం, వనపర్తి తండాల్లో లంబాడీ, నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవుల్లో చెంచుల తెలుగు, పట్టణాల్లో ఉర్దూ ఇంటి మాటలుగా వినిపిస్తాయి. బడిలో పుస్తకపు తెలుగుతో పాటు, 2022 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం కూడా వచ్చి చేరింది. పిల్ల ‘భాష’ను ‘బాస’ అంటే తప్పంటారు గాని, సంస్కృతపదం ఒత్తు విడిచి తెలుగులో ఒదిగే తద్భవమార్గం అదే. ముఖం మొగమైంది, శ్రీ సిరి అయింది. ‘స్కూలు’ను ‘ఇస్కూలు’ అనే నోరు కూడా జంటహల్లును అచ్చు సాయంతో మోస్తున్నదే తప్ప బద్ధకించడం లేదు. రాతలో ఒత్తు పెట్టడం నేర్పవలసిందే, నేర్పకపోతే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టే. కాని దిద్దుబాటు విని తరగతి నవ్వినప్పుడు ఉపాధ్యాయుడు ఊరుకుంటే, దోషం అక్షరాన్ని దాటి పిల్ల పుట్టిన ఇంటి మీద పడుతుంది.

ఇలాంటి నవ్వు కొత్తది కాదు. 1921లో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కరణ సభలో న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు; తెలుగువారి ఆంధ్రజనసంఘం ఆ అవమానంలోంచే పుట్టింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంతవరకు మాతృభాషలో బోధననూ, పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయం చెప్పగలగడాన్నీ పక్కపక్కనే కోరుతుంది. ఉపాధ్యాయుల్లోనూ ఈ నేలవారు ఉన్నారు, వారి ఇంగ్లీషులోనూ పాలమూరు పలుకుతుంది. దాన్ని దాచుకోవడానికి వారు పడే శ్రమే ఒక్కొక్కసారి పిల్లల యాస మీద విసుగై బయటపడుతుందేమో.