ఇల్లు విడిచినవాళ్లు, ఇంట్లో మిగిలినవాళ్లు

సాంచీ పెద్ద స్తూపం తూర్పు తోరణానికి మధ్యనున్న అడ్డదూలం మీద ఒక గుర్రం ఉంది. కోట గుమ్మం దాటినప్పటి నుంచి అదే గుర్రాన్ని శిల్పి వరసగా మళ్లీ మళ్లీ చెక్కాడు, అది ముందుకు సాగిపోతున్నట్టు తెలియడానికి. పైన గొడుగు పట్టారు కానీ వీపు మీద ఎవరూ లేరు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపని కాలపు పనితనం అది. గుర్రం ఆగిన చోట గొడుగు పాదముద్రల మీదికి మారుతుంది. కపిలవస్తు నుంచి సిద్ధార్థుడు రాత్రికి రాత్రి వెళ్లిపోయిన మహాభినిష్క్రమణ ఘట్టమిది. అమరావతి, నాగార్జునకొండ శిల్పులకూ ఇష్టమైన కథే. సాంచీలో మరీ నిలబడి చూడాల్సింది మాత్రం ఆ పాదముద్రల తర్వాతి భాగం. యజమాని లేని గుర్రాన్ని వెంటబెట్టుకుని సారథి ఛన్నుడు ఊరివైపు మళ్లాడు. శిల్పి కథను వెళ్లినవాడితో ఆపలేదు. కబురు మోసుకుని ఆ ఇంటికి పోవాల్సినవాణ్ణి కూడా చెక్కాడు.

మోక్షం కోసం ఇల్లు విడిచినవాళ్లను మన దేశం నెత్తిన పెట్టుకుంది. ఇంట్లో మిగిలినవాళ్ల ఊసు అంతగా పట్టించుకోలేదని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. వైరాగ్యాన్ని పొగిడిన సంప్రదాయాలే దాన్ని నిలదీశాయి కూడా. నిజానికి ఒక సన్యాసం ఎంత బరువైనదో, వెనక ఉన్నవాళ్లకు ఆ మనిషి ఏం జవాబు చెప్పాడన్నదాన్ని బట్టే తేలుతుంది.

శాస్త్రాల్లోనే ఒకదానికొకటి పొసగని రెండు మాటలున్నాయి. మూడు రుణాలు తీర్చుకున్నాకే మోక్షం మీద మనసు పెట్టాలని మనుస్మృతి ఆరో అధ్యాయం చెబుతుంది. దేవతలకు, రుషులకు, పితరులకు బాకీ ఉంచి బయలుదేరితే అధోగతేనంటుంది. జాబాలోపనిషత్తు అంతదాకా ఆగమనదు. విరక్తి పుట్టిన రోజునే బయలుదేరమంటుంది, ఏ ఆశ్రమంలో ఉన్నా సరే. ఈ రెంటినీ రాజీ చేయడానికి పండితులు చాలా శ్రమపడ్డారు. కౌటిల్యుడు మాత్రం వేదాంతం జోలికి పోలేదు. భార్యాబిడ్డల పోషణకు ఏర్పాటు చేయకుండా సన్యాసం పుచ్చుకున్నవాడికి జరిమానా వేయాలని అర్థశాస్త్రంలో రాశాడు. ఆకలితో ఉన్న ఇంటిని దాటిపోయే హక్కు ఎవరికీ లేదన్న ఆ పట్టుదల గొప్పది.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు చెప్పకుండా వెళ్లడు. ఇద్దరు భార్యలకు ఆస్తి పంచుతానని మైత్రేయికి చెబుతాడు. ఆ సొమ్ముతో మృత్యువును దాటగలనా అని ఆమె అడుగుతుంది. ఆ ప్రశ్న నుంచే ఉపనిషత్తుల్లో అతి లోతైన సంభాషణల్లో ఒకటి పుట్టింది. రెండో భార్య కాత్యాయని ఏమందో గ్రంథం చెప్పదు. శంకరులు తల్లి అనుమతితోనే సన్యసించారని, ఆమె అవసాన సమయానికి వస్తానన్న మాట నిలుపుకుని, బంధువులు కాదన్నా తానే దహనం చేశారని సంప్రదాయం చెబుతుంది. సన్యాసికి అంత్యక్రియలు చేసే అధికారం లేదన్నది నియమం. తల్లికిచ్చిన మాట ముందు ఆ నియమం నిలవలేదు.

బుద్ధుడి కథలో జవాబు ఆలస్యంగా వచ్చింది, అదీ నిలదీస్తే వచ్చింది. జ్ఞానం పొందాక ఆయన కపిలవస్తుకు వస్తాడు. తల్లి పంపగా కొడుకు రాహులుడు వెంటబడి తన వారసత్వం ఇమ్మంటాడు. పిల్లవాడికి దక్కింది కాషాయం. అప్పుడు శుద్ధోదనుడు కొడుకు ముందుకు వచ్చి తన బాధ వెళ్లబోసుకున్నాడని వినయపిటకంలోని మహావగ్గ చెబుతుంది. నువ్వు వెళ్లినప్పుడు ఏడ్చాను, నీ తమ్ముడు నందుడు వెళ్లినప్పుడు ఏడ్చాను, ఇప్పుడు మనవడు. బిడ్డ మీది ప్రేమ చర్మం కోసి, మాంసం కోసి, మూలుగ దాకా దిగుతుందన్నది ఆ తండ్రి మాటల సారం. ఇకమీదట తల్లిదండ్రుల సమ్మతి లేని పిల్లలకు దీక్ష ఇవ్వొద్దని అడుగుతాడు. బుద్ధుడు ఒప్పుకుని సంఘానికి నియమం చేస్తాడు. తానొకప్పుడు చేసిన పని మరొకరి ఇంట అలా జరగకుండా కట్టుబాటు పెట్టడానికి ఎంత వినయం కావాలి! బుద్ధుడి గొప్పతనం బోధివృక్షం కింద ఎంత ఉందో ఈ ఘట్టంలోనూ అంత ఉంది.

ఇంతకంటే మనకు దగ్గరి కాలపు కథ మదురైలో జరిగింది. 1896 ఆగస్టు 29న వెంకటరామన్ అనే పదహారేళ్ల కుర్రాడు, తర్వాతి రమణ మహర్షి, అరుణాచలానికి బయలుదేరాడు. అన్న కాలేజీ ఫీజు కోసం ఇచ్చిన అయిదు రూపాయల్లో మూడు తీసుకుని రెండు వదిలాడు. తమిళంలో నాలుగు ముక్కలు రాసిపెట్టాడు. తండ్రిని వెతుక్కుంటూ పోతున్నాననీ, తన కోసం ఎవరూ బెంగపడొద్దనీ, వెతకడానికి డబ్బు ఖర్చు చేయొద్దనీ, ఫీజు ఇంకా కట్టలేదనీ అందులో ఉంది. ‘నేను’ అని మొదలైన చీటీ మధ్యలో ‘ఇది’గా మారి, సంతకం లేకుండా గీతలతో ముగుస్తుంది. అహం రాలిపోయిన గుర్తుగా వేదాంతులు ఆ చీటీని తరచి తరచి చదువుతారు. ఫీజు సంగతి గుర్తుపెట్టుకుని రెండు రూపాయలు మిగిల్చిన చెయ్యి కూడా అదే.

రెండేళ్లకు తల్లి అళగమ్మాళ్ ఆచూకీ తెలుసుకుని వచ్చింది. రోజుల తరబడి బతిమాలింది. కొడుకు పెదవి విప్పలేదు. చివరికి ఎవరో కాగితం ఇస్తే, అంతా ప్రారబ్ధం ప్రకారమే జరుగుతుందన్న అర్థం వచ్చేలా రాసిచ్చాడు. సిద్ధాంతంగా అది తిరుగులేని మాటే కావచ్చు. అంత దూరం వచ్చిన తల్లి మాత్రం ఉత్త చేతులతో వెనుదిరిగింది. కథ అక్కడితో అయిపోలేదు. 1914లో ఆమె అక్కడ జబ్బుపడితే కొడుకే దగ్గరుండి సేవ చేశాడు. 1916లో ఆమె కొండ మీదికే వచ్చేసింది. వంట మొదలుపెట్టింది. చిన్న కొడుకు కూడా వచ్చి సన్యసించి, తర్వాత ఆశ్రమ వ్యవహారాలన్నీ మోశాడు. 1922 మే 19న ఆమె పోయేనాడు రమణులు ఒక చెయ్యి ఆమె తల మీద, ఒకటి గుండె మీద ఉంచి పొద్దంతా కూర్చున్నారు. నేటి రమణాశ్రమం ఆ తల్లి సమాధి చుట్టూ పెరిగిందే. కావ్యకంఠ గణపతి ముని ఆయన్ను భగవాన్ రమణ మహర్షి అన్నారు గానీ, ఆ కొండకు వంటిల్లు తెచ్చింది అళగమ్మాళే.

ఇల్లు విడవమంటారా అని అడిగిన గృహస్థులను రమణులు ఎగదోయలేదు. ఇంట్లో ఉంటే గృహస్థుణ్ణన్న తలపు, అడవికి పోతే సన్యాసినన్న తలపు, అంతే తేడా అన్నది ఆయన ధోరణి. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న సూరి నాగమ్మ ఆ ఆశ్రమం చేరి, అక్కడి రోజువారీ ముచ్చట్లు అన్నగారికి తెలుగులో ఉత్తరాలుగా రాశారు. అవే ‘శ్రీ రమణాశ్రమ లేఖలు’. వెళ్లినచోటు నుంచి ఇంటికి ఉత్తరం రాయడం కూడా ఒక జవాబే.

చట్టం ఈ విషయంలో పాత స్మృతికారుల కంటే సూటిగా ఉంది. 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, భార్య గానీ భర్త గానీ ఏదైనా మత వ్యవస్థలో చేరి సన్యసిస్తే, రెండోవారు విడాకులు కోరవచ్చు. వెళ్లినవారి వైరాగ్యానికి మిగిలినవారు జీవితాంతం కట్టుబడి ఉండనక్కర్లేదని దీని అర్థం. ఎంతోమంది ఆడవాళ్లు ముత్తైదువా కాక, వితంతువూ కాక గడిపిన దేశంలో ఇది చిన్న హక్కు కాదు. కన్నవాళ్ల సంగతి మాత్రం ఈ సెక్షన్‌కు అందదు. మేజరైన బిడ్డ ఆశ్రమంలో చేరతానంటే తల్లిదండ్రులు ఆపలేరు, ఆపకూడదు కూడా. కానీ దీక్ష ఇచ్చేవారు అడగవచ్చు. థేరవాద బౌద్ధంలో భిక్షువు కాబోయేవాణ్ణి నేటికీ సంఘం ఎదుట నిలబెట్టి పాలీలో ప్రశ్నలు వేస్తారు. అప్పులు లేవా, ప్రభుత్వ కొలువులో లేవా అని అడిగే వరసలోనే, అమ్మానాన్నలు ఒప్పుకున్నారా అనీ అడుగుతారు.