మాస్టర్ కాపీ

అనగనగా అనేంత పాత కథేమీ కాదిది. అమీర్‌పేటకు మెట్రో వచ్చి ఇంకా నెల తిరగలేదు. పనున్నా లేకపోయినా జనం మెట్లెక్కి స్టేషన్ చూసొస్తున్న 2017 డిసెంబరు. సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం వెనక సందులో ఒక జిరాక్స్ షాపు ఉందనుకోండి. నీతి కథ కాబట్టి ఇందులో ఎవరికీ పేర్లు పెట్టలేదు.

షాపాయనకు ఒక అలవాటు. ఎవరైనా కోర్ జావా నోట్సు తెచ్చి రెండు కాపీలు తియ్యమంటే మూడు తీసేవాడు. మూడోది తన అరలో పెట్టుకునేవాడు. ఆయన దాన్ని మాస్టర్ కాపీ అనేవాడు. మర్నాడు ఇంకో పిల్లవాడు వచ్చి “జావా మెటీరియల్ ఉందా అన్నా?” అంటే, దాన్ని మళ్లీ మిషన్ మీద పెట్టి తీసిచ్చేవాడు. పేజీ రెండు రూపాయలు. ఇందులో తప్పుందని ఆయనకే కాదు, ఆ వీధిలో ఎవరికీ తోచలేదు. మైత్రీవనం బతికిందే అలాగ. సారు బోర్డు మీద రాసింది ముందు వరస వాడు రాసుకుంటే, ఆ నోట్సు వంద చేతులు మారి, అక్షరాలు సగం చెరిగి, కరీంనగర్ నుంచో ఒంగోలు నుంచో వచ్చిన కుర్రాడికి అంది, వాణ్ణి డాలస్ విమానం ఎక్కించేది.

అలా ఎక్కినవాడే ఈ కథలో మేనమామ. 1998లో, వైటూకే భయంతో అమెరికా కంపెనీలు ప్రోగ్రామర్ల కోసం వెతుక్కుంటున్న రోజుల్లో, ఎస్.ఆర్.నగర్ హాస్టల్లో నలుగురున్న గదిలో పడుకుని, జిరాక్స్ కాగితాల మీద కోబాల్ నేర్చుకుని వెళ్లాడు. 2012లో సెలవులకు వచ్చినప్పుడు మేనల్లుడి చేతిలో ఒక ఇత్తడి బిళ్ల పెట్టాడు. మన రూపాయి కన్నా కాస్త పెద్దది. వెనకవైపు తళతళలాడే హోలోగ్రాం స్టిక్కరు, దాని మీద చిన్న కిటికీలోంచి కనిపించే ఎనిమిది అక్షరాలు.

“ఒరే అల్లుడూ, ఇందులో ఒక బిట్‌కాయిన్ ఉంది. దాచుకో. స్టిక్కరు మాత్రం పీకకు.”

అప్పట్లో బిట్‌కాయిన్ ధర పది డాలర్లకు అటూ ఇటూ. వాళ్లమ్మ బిళ్లను దేవుడి గూట్లో వెండి రూపాయి పక్కన పెట్టి, శుక్రవారాలు దానికీ బొట్టు పెట్టేది.

ఐదేళ్లు గడిచాయి. మేనల్లుడు అదే ఎస్.ఆర్.నగర్లో, మామయ్య హాస్టల్‌కు రెండు సందుల అవతల, టెస్టింగ్ టూల్స్ నేర్చుకుంటున్నాడు. బిట్‌కాయిన్ 12 లక్షల రూపాయలు దాటిందని పేపర్లో చదివాడు. ఇంటికెళ్లి బిళ్ల తెచ్చుకున్నాడు. గదిలో తలుపు వేసుకుని గోటితో స్టిక్కరు అంచు లేపాడు. పొర ఊడి వచ్చింది. ఇత్తడి మీద తేనెపట్టు గళ్లలాంటి మచ్చ మిగిలింది. కింద గుండ్రటి కాగితం ముక్క, దాని మీద చీమతలకాయలంత అక్షరాలు. కంటికి ఆనలేదు. రోడ్డు మీద గడియారాలు బాగుచేసే పెద్దాయన దగ్గర భూతద్దం అడిగి, అక్కడే స్టూలు మీద కూర్చుని, ఒక్కొక్కటే రూళ్ల కాగితం మీదకి ఎక్కించాడు. మొత్తం 30. మొదటిది ఇంగ్లిష్ ‘ఎస్’. పెద్దబడి, చిన్నబడి అక్షరాలకు తేడా ఉంది. అయితే ఈ అక్షరమాలను ఎంచినవాడు తెలివైనవాడు. సున్నానూ పెద్ద ‘ఓ’నూ, పెద్ద ‘ఐ’నీ చిన్న ‘ఎల్’నీ పొరబడతారని ఆ నాలుగింటినీ అసలు వాడనే లేదు.

ఈ 30 అక్షరాలు కొడితే బిళ్లలోని బిట్‌కాయిన్ ఫోన్లోని వాలెట్‌లోకి వచ్చేస్తుంది. ఐదు నిమిషాల పని. కానీ పంపడానికి ఫీజు రెండు వేల రూపాయల పైనే చూపించింది. ఆ నెలలో రద్దీ అలాంటిది. ‘రెండు వేలంటే పదిహేను రోజుల మెస్సు. తగ్గాక లాక్కుందాం’ అనుకున్నాడు. వెంటనే భయం పట్టుకుంది. హాస్టల్ గది, నలుగురు మనుషులు, ఒకే ఒక్క కాగితం. పోతే?

మైత్రీవనం పిల్లవాడు ఆ భయానికి ఏం మందు వేస్తాడో చెప్పక్కర్లేదు. కాగితం పైన ఎర్ర సిరాతో ‘బిట్‌కాయిన్ - ప్రైవేట్ కీ’ అని శీర్షిక పెట్టి, కింద గీత గీసి, జిరాక్స్ షాపుకు పట్టుకెళ్లాడు.

“రెండు కాపీలు అన్నా.”

మిషన్ మూడుసార్లు వెలిగింది. అతను ఫోన్లో ధర చూసుకుంటున్నాడు.

మర్నాడు సాయంత్రం టీ తాగుతూ వాలెట్ తెరిచాడు. బిళ్ల చిరునామాలో సున్నా. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు ఎవరో లాగేశారు. ఫీజు రెండు వేలూ ఆలోచించకుండా కట్టారు. పెట్టె తీసి చూస్తే కాగితం పెట్టినచోటే ఉంది, రెండు కాపీలూ ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది, మిషన్ ఎన్నిసార్లు వెలిగిందో.

షాపాయన ఏమీ దాచలేదు. “అందరియి ఒకటి పెట్టుకుంట తమ్మీ. రేపెవరన్న అడిగితే యాడికెల్లి తేవాలె? పొద్దుగాల ఒక పిలగాడొచ్చి బ్లాక్‌చెయిన్ మెటీరియల్ ఉన్నదా అనడిగిండు. మీద బిట్‌కాయిన్ అని రాసుంది గదా, గిదే అనుకున్న. ఒక్క పేజీనే ఉన్నదంటే, గంతే చాలన్నడు.”

సొరుగు లాగి, చిల్లర వెతికి, రెండు రూపాయల బిళ్ల కౌంటర్ మీద పెట్టాడు.

“నీ కాగితం మీద నాకొచ్చింది గిదే తమ్మీ. తీస్కో.”

ఇక నీతి. పంచితే పెరిగే వస్తువుకు పట్టిన అలవాటును పంచితే పోయే వస్తువు మీద వాడకూడదు.

షాపాయన్ని తిట్టే పాఠకులతో నాకు పేచీ. ఆయన అలవాటే మేనమామను అమెరికా పంపింది. రామానుజులు తిరుక్కోట్టియూర్ గోపురమెక్కి, గురువు రహస్యంగా చెప్పిన మంత్రాన్ని ఊరందరికీ వినపడేలా చెప్పాడంటారు. విన్నవాళ్లందరికీ మోక్షమే, చెప్పినవాడికీ లోటు లేదు. నోట్సు ఆ జాతిది. ప్రైవేట్ కీ ఆ జాతిది కాదు. గోపురమెక్కి చదివితే విన్నవాళ్లలో అందరికన్నా ముందు ఫోన్ తీసినవాడికే దక్కుతుంది.

అలాంటి బిళ్లలు నిజంగానే ఉన్నాయి. అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన మైక్ కాల్డ్‌వెల్ 2011 నుంచి ‘కసాసియస్’ పేరుతో చేసి అమ్మాడు. 2013 చివర్లో అక్కడి ఆర్థిక శాఖకు చెందిన ఫిన్‌సెన్, ఇది డబ్బు బట్వాడా వ్యాపారం కిందికి వస్తుందని లేఖ రాయడంతో, లోపల బిట్‌కాయిన్ ఉన్న బిళ్లలు అమ్మడం మానేశాడు. కాస్త ఆలోచిస్తే, ఆ 30 అక్షరాలూ మొదట తెలిసేది చేసినవాడికే. తన దగ్గర కాపీ ఉంచుకోలేదని ఆయన చెప్పిన మాట మీదే కొన్నవాళ్లందరూ ఏళ్ల తరబడి నిద్రపోయారు. అంటే ప్రతి బిళ్ల వెనకా మాస్టర్ కాపీ ఉంచుకోని ఒక జిరాక్స్ షాపాయన ఉన్నాడన్నమాట.

విప్పేవాళ్లు ముందు తమ వాలెట్ సిద్ధం చేసుకుని, ఫీజు ఎంతైనా కడతామని గుండె రాయి చేసుకుని, అప్పుడు స్టిక్కరు ముట్టుకోవాలి. వాలెట్లలో రెండు దారులుంటాయి. ఒకటి పాత కీనే తెచ్చి పెట్టుకోవడం. అది కొన్న ఇంటికి పాత తాళమే వేసుకోవడం లాంటిది, పాత యజమాని దగ్గర ఇంకో చెవి ఉందో లేదో మనకు తెలియదు. రెండోది స్వీప్, అంటే ఉన్నదంతా ఊడ్చి మనకొక్కరికే తెలిసిన కొత్త కీ కిందికి మార్చేసుకోవడం. ఆ కుర్రాడు రెండోదే చెయ్యాల్సింది. అసలు విప్పకుండా ఉంటే ఇంకా మేలు. స్టిక్కరు చెదరని కసాసియస్‌కు సేకర్తలు లోపలి బిట్‌కాయిన్ విలువ కన్నా ఎక్కువే ఇస్తారు.

అతను ఆశించినట్టు ఫీజులు తగ్గాయి కూడా. ఫిబ్రవరికల్లా బాగా తగ్గాయి. ధర కూడా సగానికి పైగా పడిపోయింది. ఏప్రిల్లో రిజర్వ్ బ్యాంకు, క్రిప్టో లావాదేవీలకు సేవలందించొద్దని బ్యాంకులకు చెప్పింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఆంక్షను కొట్టేసేదాకా మామూలు దారిన అమ్ముకోవడం కష్టమయ్యేది. ఇప్పుడైతే లాభంలో 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్.

ఇత్తడి బిళ్ల మళ్లీ దేవుడి గూట్లోకి చేరింది, స్టిక్కరు లేకుండా. పక్కనే షాపాయన ఇచ్చిన రెండు రూపాయలు. అది ఎక్కడిదో కొడుకు చెప్పలేదు, తల్లి అడగలేదు. శుక్రవారం శుక్రవారం రెండింటికీ బొట్టు పెడుతోంది.