తలకిందులుగా నిద్రపోయే చిలక

కొల్లిపర అరటితోటల మీదుగా పొద్దున్నే కీచుమంటూ సాగే రామచిలకలు మనకు చిన్ననాటి నేస్తాలు. విశాఖ మన్యం కొండల్లో, తేమ నిండిన అడవుల్లో వాటికొక బుల్లి చుట్టం ఉంది. పొడవు 14 సెంటీమీటర్లే, మన ఊరపిచ్చుకంత. పొట్టి తోక, నడుము మీద ఎర్రటి ఈకలు, మగదానికి గొంతు దగ్గర నీలం. పూలతేనె, పండ్లు దాని తిండి. రాత్రయితే కొమ్మకు గబ్బిలంలా వేలాడి నిద్రపోతుంది!

నాకు మరీ ముచ్చటేసేది దాని గూడు. ఆకు పీలికల్ని ముక్కున కరుచుకుపోదు. సంతకెళ్ళే అమ్మ బొడ్లో రూపాయిలు దోపుకున్నట్టు, ఆడచిలక నడుము ఈకల్లో దోపుకుని తొర్రలోకి చేరుస్తుంది. తొర్రలున్న పాత చెట్లు కొట్టేస్తే ఆ ఇల్లాలు ఎక్కడికి పోవాలి?

గూడు పోవడమే కాదు, పంజరమూ చిలకలకు ముప్పే. మన చిలకల్ని పట్టడం, పంజరంలో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మీ వీధిలో పంజరం కనిపిస్తే అటవీశాఖ వారికి చెప్పండి.