ఎప్పుడో చెప్పలేనివాళ్ళు

2024 డిసెంబర్ 4 పొద్దున 7:27కి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో ఫ్యాను కొద్దిగా ఊగింది, అంతే. సాయంత్రం అనంతపురం పక్క మా ఊర్నుంచి అవ్వ ఫోన్ చేసింది.

"మళ్ళీ ఎప్పుడొస్తాదంట రా?"

"అది చెప్పలేరవ్వా."

"ఎప్పుడొస్తాదో తెల్దంటే, ఇంక టీవీలో కూచోని చెప్పేదేమి?"

నవ్వేశాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. తేదీ చెప్పలేనివాడికి హెచ్చరించే హక్కుందా?

ఆ కంపం వచ్చింది గోదావరి చీలిక లోయలో. కోట్ల ఏళ్ళ కిందట ఖండం అక్కడ రెండుగా చీలబోయి మధ్యలో ఆగిపోయింది. అలా కుంగిన పల్లంలో పేరుకున్న పొరల్లోదే మన సింగరేణి బొగ్గు. పాత పగుళ్ళు మాత్రం లోపల అలాగే ఉన్నాయి. భారత ఫలకం ఉత్తరానికి జరుగుతూ హిమాలయాల్ని నెడుతున్న ఒత్తిడి వాటిమీదా పడుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. అక్కణ్ణుంచి ములుగుకి 55 ఏళ్ళు. రెండు చుక్కలు కలిపి గీత గీసి మూడో చుక్క తేదీ చెప్పే ఇంజనీర్ని నేనైతే టీమ్‌లో పెట్టుకోను. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ వాళ్ళు ఎన్ని యంత్రాలు పాతినా చెప్పగలిగేది ఎక్కడ రావచ్చు, ఎంత పెద్దది రావచ్చు అన్నంతవరకే.

మా జిల్లాలో కచ్చితంగా చెప్పేవాళ్ళకి కొదవ లేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరుగుతారు. కాయ లేచి నిలబడ్డ చోట బోరు వేయాలి. నీళ్ళు పడవు, అప్పు మిగుల్తుంది. మళ్ళీ ఏడాది ఆయన్నే పిలుస్తారు. ఎందుకంటే ఆయన "ఇక్కడే" అంటాడు. "పడొచ్చు, పడకపోవచ్చు" అనే జియాలజిస్టు ఎవరికి కావాలి?

ఇటలీలోని లాక్విలాలోనూ అలాంటి మనిషొకడు తేలాడు. నెలల తరబడి చిన్న చిన్న కంపాలు వస్తుంటే, పెద్దది రాబోతోందని చెప్పాడు. జనం బెదిరారు. వాళ్ళని శాంతపరచాలని 2009 మార్చి 31న నిపుణుల్ని సమావేశపరిచారు. ప్రమాదమేమీ లేదు, హాయిగా ఓ గ్లాసు వైన్ తాగండి అన్న ధోరణిలో ఒక అధికారి కెమెరా ముందు మాట్లాడాడు. ఏప్రిల్ 6 తెల్లవారకముందే 6.3 వచ్చింది. 309 మంది పోయారు. 2012లో ఆరుగురు శాస్త్రవేత్తలకీ ఆ అధికారికీ ఆరేళ్ళ జైలు శిక్ష పడింది. 2014లో పై కోర్టు శాస్త్రవేత్తల్ని వదిలేసింది, అధికారికి శిక్ష తగ్గించింది.

భూకంపాన్ని ముందే పసిగట్టనందుకు జైలంట అని అప్పట్లో అందరం వెటకారం చేశాం. అసలు నేరారోపణ అది కాదు. కంపం వస్తే ఇల్లు వదిలి బయట పడుకోవడం అక్కడి పాత అలవాటు. భరోసా విన్నాక ఆ రాత్రి చాలామంది లోపలే ఉండిపోయారన్నది ఫిర్యాదు. శాస్త్రవేత్తల్ని వదిలేయడం సబబే అనుకుంటాను. అయినా, తెలియనిదాన్ని "లేదు" అని చెప్పి మనుషుల దగ్గరున్న భయాన్ని లాగేసుకోవడం కొబ్బరికాయ పనికంటే హీనం.

అయితే అవ్వకి ఏం చెప్పాలి? తేదీ గురించి కాదు, ఇంటి గురించి చెప్పాలి. 1993 సెప్టెంబర్ 30న కిల్లారి దెబ్బతిన్నప్పుడు అది ఏ చీలిక లోయలోనూ లేదు. అప్పటి మ్యాపులో అతి తక్కువ ప్రమాదమున్న జోన్‌లో ఉంది. అనంతపురం కూడా గట్టినేలే కదా అని ధీమా పడటానికి లేదు. అక్కడ నిద్రలో ఉన్నవాళ్ళని చంపింది మట్టితో పేర్చిన రాతిగోడలూ, మట్టి మిద్దెల బరువూ. మా అవ్వ ఇల్లూ అలాంటిదే. ఏటా వానలకి ముందు మిద్దె మీద చవుడు పోయిస్తుంది.

పోయిన వేసవిలో ఊరెళ్ళినప్పుడు ఇదంతా చెప్పాను. మట్టి దించేసి రేకులేయిద్దామన్నాను. అవ్వ శ్రద్ధగా విని, "మే నెల్లో ఆ రేకుల కింద నువ్వొచ్చి పండుకుంటావా?" అంది. వస్తుందో రాదో తెలియనిది భూకంపం. మే నెల మాత్రం ఏటా వస్తుంది. ఈ లెక్కలో అవ్వ నాకంటే తెలివైంది. గోడల చుట్టూ కాంక్రీట్ బ్యాండ్ కట్టించి పైన తేలికపాటి కప్పు వేయిస్తే రెండూ కుదురుతాయి. ఎస్టిమేట్ వేయించాను కూడా. నా కారు లోను తీరాక చూద్దామనుకుంటూ ఉన్నాను.

వానలకి ముందు అవ్వ మళ్ళీ ఫోన్ చేసింది, రెండు బండ్ల చవుడు తోలించానని చెప్పడానికి.