అంకెలలోని సత్యము

హైదరాబాదులోని మాసబ్ ట్యాంకున నేడు చెరువు లేదు. మా సాహెబా పేరిట వెలసిన చెరువు పోయి పేరు మాత్రము మిగిలినది. మన తినుబండారములకును అట్టి గతియే పట్టుచున్నది: పేరొకటి, లోపలి సరకు వేఱొకటి.

మొన్న అచ్చట నొక శిష్యుడు నూడిల్సు పొట్లము చూపి, "మాస్టారూ, ఈ 451 అంటే ఏమిటండీ?" అని యడిగెను. సంస్కృతాంగ్లములు చదివిన నాకు సమాధానము తోచలేదు.

విచారింపగా నది భాస్వరలవణము, అనగా ఫాస్ఫేటు. మితమున చట్టసమ్మతమే. పప్పుధాన్యములందలి భాస్వరములో సుమారు సగమే దేహమున కెక్కును. ఇట్లు కలిపినది దాదాపు పూర్తిగ నెక్కును. ఆరోగ్యవంతుని మూత్రపిండములు అధికమును వెడలగొట్టును. అవి చెడినవాని రక్తమున నది పేరుకొని, రక్తనాళములను గట్టిపఱచి, గుండెకు చేటు తెచ్చును. ఆ వ్యాధి చిరకాలము బయటపడదు గనుక, తాను రోగినని యెఱుగనివాడే మోసపోవును.

వర్తకుడు అబద్ధమాడలేదు, చట్టము కోరిన యంకెను వేసినాడు. సోడియ మెంతయో వ్రాయవలెను గాని, భాస్వర మెంతయో వ్రాయ నక్కఱలేదు. అయినను, వినువానికి దెలియని భాషలో చెప్పినది సత్యమగునా? దారిలో గోయి యున్నదని గ్రుడ్డివానికి సైగ చేసినవాడు నిజమే చెప్పినాడు, దానివలన ఫలమేమి?

తప్పంతయు వర్తకునిదే యనుట న్యాయము గాదు. తీరిక లేదని బిడ్డ చేతికి పొట్లమిచ్చునది మనమే గదా! అడుగని గృహస్థుడును ఆ మౌనమున భాగస్వామియే.

మఱునాడు నల్లబల్లపై 451 అని వ్రాసి, ప్రక్కన దాని పేరు వ్రాసితిని. పిల్లలు ఇంట చెప్పుటకై వ్రాసికొనిరి.